అర మీటరు

గోగునార తాడు కొస పట్టుకుని
రింగు కింద మేకు దగ్గర నేను కూర్చుంటే
రెండో కొస పట్టుకుని సన్యాసి
సున్నం జారవిడుస్తూ తిరిగేడు.
నెల్లిమర్ల మిల్లు మైదానంలో
ఆ తెల్ల విల్లు అలా పుట్టింది.
తాడు మా మిల్లుదే. మా చేతులు పేనిందే.

అప్పుడు దాన్నెవరూ పట్టించుకోలేదు.
"అంత దూరం నుంచి ఇసరడమేటి, మావిడికాయలు రాల్చడానికా?"
అనేవాడు కోచ్ గవరయ్య.
ఆటంటే రింగు కింద.
ఆటంటే నేను.
ఆరడుగుల నాలుగంగుళాలు,
గోనె బేళ్లు మోసిన వీపు.
వీపుతో నెట్టి, మోచేత్తో జాగా చేసుకుని,
గిరుక్కున తిరిగి
బోర్డు మీద బంతిని మెత్తగా ఆనించడం.
బొబ్బిలోళ్లయినా పలాసోళ్లయినా
"తాడిచెట్టుని ఆపండ్రా" అన్నదొక్కటే వాళ్ల వ్యూహం.
నా పాదాలు తొక్కిన చోట నేల
మూకుడులా పల్లమైపోయింది.
వానొస్తే అందులో కప్పలు.

తరవాత మిల్లు మూసేరు, తెరిచేరు, మళ్లీ మూసేరు.
గీత కూడా జరిగింది, అర మీటరు వెనక్కి.
కొత్త రూలన్నారు.
నేనే తాడు ముడి విప్పి
కొలిచి మళ్లీ వేశాను.
ఇక పీడా పోయింది, ఎవరూ విసరరనుకున్నాను.

మజ్జి యామిని వచ్చింది.
నా మోచేతి దాకా రాదు.
వాళ్లమ్మ మిల్లు గేటు దగ్గర ఉలవగుగ్గిళ్లు అమ్మేది,
గేటు మూసేక రైల్వేగేటు దగ్గర అమ్ముతోంది.
ఆ గుంట గీత దాటి లోపలికి అడుగెయ్యదు.
"లోపలికెల్లవేటమ్మా?" అంటే
గుగ్గిళ్ల పొట్లం లెక్కలో చెప్పింది:
"తాతా, నువ్వు పదేస్తే అయిదు పడతాయి. పది పాయింట్లు.
నాను పదేస్తే నాలుగే పడతాయి. పన్నెండు.
ఎవలికి లాబం?"
సన్యాసి స్కోరు పుస్తకం మూసి
నా వైపు చూడకుండా బీడీ వెలిగించుకున్నాడు.

పాపం వాడికీ తగిలింది దెబ్బ.
పదిహేనడుగుల దగ్గర టక్కున ఆగి
పైకి లేచి వేసే షాటు వాడి ప్రాణం.
ఇప్పుడు ఆ చోట ఎవరైనా ఆగితే
కొత్త కోచమ్మ కేకేస్తుంది:
"అటైనా పో, ఇటైనా రా!"
ఆ మధ్య నేలకి పట్టా లేదు, పేరు లేదు.

యామినిని ఆపడానికి ఒకర్తె బయటికి వస్తుంది.
సాయానికి ఇంకొకర్తె.
ఆఖరికి వాళ్ల పొడుగుపిల్ల కూడా
రింగు వదిలేసి మూలకి పరుగెడుతుంది.
అప్పుడు చూస్తాను
రింగు కింద నాలుగు మంచాలు పట్టేంత ఖాళీ.
ఆ ఖాళీ కోసం నేను మూడు పళ్లు పోగొట్టుకున్నాను.
పల్లం పూడిపోయింది. గరిక మొలిచింది.
గీత వెనక మాత్రం నేల
బోడిగుండులా మెరుస్తోంది.

రాజాంలో ఆఖరాట పోయింది.
పదకొండు వేసింది. రెండే పడ్డాయి.
"లెక్క తప్పిందేటి?" అనడిగాను, కొంచెం సంబరంగానే.
"లెక్క తప్పలేదు తాతా, ఇయాల తప్పింది" అని
బస్సు కిటికీలోంచి వేరుశనగ పొట్టు ఊదింది.

పొద్దున్నే రింగు కింద నిలబడి
ఆమె తప్పినవి నేను ఏరుతాను.
దూరం నుంచి వేసింది తప్పితే దూరంగానే పోతుంది,
చంపావతి గట్టు దాకా పోయిన రోజులున్నాయి.
మోకాళ్లు తిట్టుకుంటాయి.

మొన్న మాపటేళ ఎవరూ లేరనుకుని
గీత వెనక నిలబడ్డాను.
నేను గీసిన గీతే.
ఇన్నేళ్లలో దాని అవతలి నుంచి
రింగుని ఎప్పుడూ చూడలేదు. ఎంత చిన్నదో!
విసిరేను.
రింగుకి తగల్లేదు, బోర్డుకీ తగల్లేదు,
గరికలో చప్పుడు లేకుండా పడింది.

"మోచెయ్యి లోపలికెట్టు, తాతా."
ఎప్పుడొచ్చిందో, గోడ మీద కూర్చునుంది.
నేను బంతి వైపు చూశాను, ఆమె వైపు చూశాను.
"నీ బంతి నువ్వే తెచ్చుకో" అంది.